హీరోగారి కారూ... చంపాపేట సిగ్నలూ!

సినిమాలో హీరోగారి కారు పెట్రోలు బంకులో ఆగడం ఎప్పుడైనా చూశారా? పోనీ, సర్వీసింగు బిల్లు చూసి హీరోగారు నోరెళ్లబెట్టడం? ఐ.ఎస్. సదన్ చౌరస్తాలో మూడు సిగ్నళ్లు పోగొట్టుకుని, నాలుగో పచ్చదీపానికి గానీ దాటలేక, పక్క ఆటోవాలాతో కళ్లతోనే కష్టసుఖాలు చెప్పుకోవడం? చూసి ఉండరు. వెండితెర మీద కారుకు రెండే పనులు. ఒకటి, దుమ్ము రేగేలా వచ్చి హీరోగారిని దింపడం. రెండు, విలన్ మనుషుల్ని వెంటబడి పట్టుకోవడం. ఆ రెండూ అయ్యాక అది ఎక్కడ పార్కయిందో, ఏ వానకు తడిసిందో దర్శకుడికి అక్కర్లేదు.

మనకు అక్కర! హీరోగారి కారు ‘కట్’ అనగానే ఆగిపోతుంది. మన కారు మర్నాడు పొద్దున్నే మళ్లీ ఆఫీసుకు బయల్దేరాలి కదా!

అయినా సరే, కార్ల పిచ్చి మనకి సినిమావాళ్లు పెట్టిందే. మహానటి సావిత్రిగారికి కార్లంటే ఎంత సరదానో పెద్దవాళ్లు కథలుగా చెబుతారు. మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డు, ఆ తర్వాత 1974 నుంచి ప్రీమియర్ పద్మిని... ఇవి రోడ్డు మీద కన్నా తెర మీదే ఎక్కువ అందంగా ఉండేవేమో! మొన్న మొన్నటి మాట చెప్పాలంటే, 2024లో నాగచైతన్యగారు ‘హైదరాబాద్ బ్లాక్‌బర్డ్స్’ అనే రేసింగ్ టీమును కొన్నారు. అంతకు ముందు ఏడాది ఫిబ్రవరి 11న మన హుస్సేన్‌సాగర్ ఒడ్డునే ఫార్ములా-ఇ కార్లు రయ్యిమన్నాయి. ఫ్రాన్సు కుర్రాడు జ్యాఁ-ఎరిక్ వెర్న్ గెలిచాడు. ఆ రోజు నుంచీ మా చంపాపేట కుర్రాళ్లం స్కూటర్ మీద కూడా కాస్త ముందుకు వంగి కూర్చోవడం మొదలుపెట్టాం!

ఇక తెలుగు సినీలోకంలో అందరికన్నా పేరున్న బండి ఏదంటారా? లంబోర్గినీ కాదు, పోర్షే కాదు. 1982లో ఎన్.టి.రామారావుగారు ఊరూరా తిరిగిన చైతన్యరథం! అదొక పాత షెవర్లే వ్యాను. దాన్ని మార్చి కట్టుకున్నారు, స్టీరింగు హరికృష్ణగారు పట్టారు. కాబట్టి పాత బండి అని చిన్నచూపు అక్కర్లేదు. ఎవరు నడుపుతారు, దేనికి నడుపుతారు అన్నదే లెక్క.

సరే, అసలు సంగతికొస్తాను.

నాకు ఉద్యోగం ఉప్పల్‌లో. చంపాపేట నుంచి కర్మన్‌ఘాట్, సాగర్ రింగురోడ్డు, ఎల్.బి.నగర్, నాగోల్ మీదుగా పన్నెండు పదమూడు కిలోమీటర్లు. నాలుగేళ్లు కూడబెడితే చేతిలో మూడున్నర లక్షలు తేలాయి. సెకండ్ హ్యాండుదైనా సరే, కాస్త ‘దమ్మున్న’ కారు కొనాలని నా కోరిక. మా నాయిన ఇరవై ఎనిమిదేళ్లు బస్సు నడిపి రిటైరయ్యాడు. అక్క పెళ్లి, ఇంటి మీద రేకుల గది పోగా ఆయన రిటైర్మెంటు డబ్బులో మిగిలింది రెండు లక్షలు. ఒకరోజు రాత్రి అన్నం తింటూ ఆయనే అన్నాడు:

“రెండు లక్షలు నేనిస్త. గని ఒక్కటే షరతు. ఆ బండి నేను గూడ నడపాలె. నా చేతుల స్టీరింగు లేక నాలుగేండ్లయింది.”

అంతా బాగానే ఉంది. కానీ ఆయన ఎడమ మోకాలికి ఆపరేషన్ అయింది. బస్సు క్లచ్చు తొక్కీ తొక్కీ అరిగిన మోకాలు అది. అంటే నా అయిదున్నర లక్షల బేరం వెనక ఒక మోకాలు ఉందన్నమాట. నేను సరదా పడే కారు ఆయన తొక్కలేని కారైతే, ఆయన సొమ్ముతో ఆయన్ని పక్క సీట్లో కూర్చోబెట్టినట్టే. ఇదీ అసలు చిక్కు!

ముగ్గురు హీరోలు

బజారులో నా కంటికి ఆనిన హీరోలు ముగ్గురు.

మొదటివాడు అబార్త్ పుంటో. ఫియట్ వారిది, 2015 అక్టోబరులో వచ్చింది. 1.4 లీటర్ల టర్బో ఇంజను, 145 హార్స్‌పవర్లు. పది లక్షల లోపు హ్యాచ్‌బ్యాక్ కార్లలో అంత గుర్రాలు అప్పట్లో ఇంకెవరికీ లేవు. నాలుగు చక్రాలకూ డిస్కు బ్రేకులు, పదహారంగుళాల చక్రాలు, ముక్కు మీద తేలు బొమ్మ! ఆ తేలు కుట్టిందంటే రాత్రి నిద్ర పట్టదు, నిజం. కాకపోతే 2019 తర్వాత ఫియట్ పేరుతో కొత్త కారు మన షోరూముల్లో లేదు.

రెండోవాడు ఫోక్స్‌వ్యాగన్ పోలో జి.టి. టి.ఎస్.ఐ. 2013 ఏప్రిల్‌లో వచ్చింది. 1.2 లీటర్ల టర్బో, 105 హార్స్‌పవర్లు, ఏడు గేర్ల ఆటోమేటిక్. క్లచ్ పెడల్ అసలు లేదు. పోలో తయారీ మన దేశంలో 2022లో ఆగిపోయింది.

మూడోవాడు మారుతీ బలెనో ఆర్.ఎస్. 2017 మార్చిలో వచ్చి 2020లో తెరమరుగైన నటుడు. ఒక్క లీటరు టర్బో ఇంజను, 102 హార్స్‌పవర్లు, దీనికీ నాలుగు చక్రాలకూ డిస్కు బ్రేకులే. చేత్తో వేసే గేర్లు, తేలికైన క్లచ్చు. పైకి చూస్తే మామూలు బలెనోలాగే ఉంటుంది. పక్కింటి కుర్రాడి వేషంలో వచ్చి క్లైమాక్సులో చొక్కా విప్పే హీరో అన్నమాట.

కాగితం మీద చూస్తే అబార్త్‌దే గెలుపు. కానీ కాగితం మీద గెలిచిన సినిమాలు ఎన్ని ఆడాయి చెప్పండి!

గుర్రాలు ఎన్ని కాదు, ఎప్పుడు లేస్తాయి?

కారు కొనబోయే ప్రతి కుర్రాడూ అడిగే ప్రశ్న, “ఎన్ని హార్స్‌పవర్లు?” మా కాలనీ మెకానిక్ అన్న నన్ను వేరే ప్రశ్న అడగమన్నాడు. “ఎంత ఆర్.పి.ఎమ్. దగ్గర లాగుడు మొదలైతది?”

దీని సంగతి కొంచెం ఓపిగ్గా వినండి. టర్బో అంటే మరేం లేదు. ఇంజను వదిలే పొగ విసురుకు ఒక చిన్న పంకా తిరుగుతుంది. అది ఇంకో పంకాను తిప్పి గాలిని ఇంజనులోకి కుక్కుతుంది. గాలి ఎక్కువైతే పెట్రోలు ఎక్కువ మండుతుంది, బలం పెరుగుతుంది. అయితే పొగ చాలినంత రానిదే పంకా జోరుగా తిరగదు. అందాకా టర్బో కారు కూడా మామూలు కారే. ఈ ఆలస్యాన్నే టర్బో లాగ్ అంటారు.

ఇప్పుడు లెక్క చూడండి. అబార్త్ లాగే బలం 212 న్యూటన్ మీటర్లు, కానీ పూర్తిగా అందేది 2000 ఆర్.పి.ఎమ్. దగ్గర. పోలోది 175, అందేది 1500 దగ్గర. బలెనో ఆర్.ఎస్.ది 150, అందేది 1700 దగ్గర. అయిదొందల తేడా ఏమంత అంటారా? కర్మన్‌ఘాట్ నుంచి సాగర్ రింగురోడ్డు దాకా సాయంత్రం ఆరింటికి ఒకసారి నడపండి. ముందు షేర్ ఆటో, వెనక సిటీ బస్సు, మధ్యలో మనం. రెండో గేరులో ఇరవై, పాతిక, మళ్లీ పదిహేను. ఇంజను ఆ సమయమంతా 1200కీ 2000కీ మధ్యలోనే ఊగుతుంది. అంటే తేలు నిద్రలేచే గీత దగ్గరికి వెళ్లి వెళ్లి వెనక్కి వస్తుంది! పోలోకి ఆ గీత కాళ్ల కిందే ఉంది. సందు దొరికిందంటే చటుక్కున దూరుతుంది.

“మరి ఓ.ఆర్.ఆర్. మీద?” అంటారు మీరు. నిజమే. సాగర్ రోడ్డు పట్టుకుని పోతే బొంగులూరు గేటు దగ్గర ఔటర్ రింగురోడ్డు ఎక్కొచ్చు. 158 కిలోమీటర్ల చుట్టు. కానీ అక్కడ చట్టం ఒప్పే వేగం గంటకు 120. నూట అయిదు గుర్రాలవాడూ అక్కడ ఆగాల్సిందే, నూట నలభై అయిదు గుర్రాలవాడూ అక్కడ ఆగాల్సిందే. వారానికి అయిదు రోజులు రెండో గేరులో తిరిగేవాడు, నెలకొక్కసారి అరగంట కోసం కారు ఎంచుకోవడం ఏం న్యాయం?

నాయిన టెస్టు

నాయినకు ఈ ఆర్.పి.ఎమ్. గొడవలేవీ పట్టవు. ఆయన పరీక్షలు ఆయనవి. అబార్త్ చూడ్డానికి వెళ్లినప్పుడు డీలరు తాళం చెవి ఇచ్చేలోపే నాయిన బానెట్ మీద అరచెయ్యి ఆనించాడు. “పొద్దుగాల్నే స్టార్ట్ జేసి పెట్టిండ్రు” అన్నాడు నాతో, మెల్లగా. చల్లగా ఉన్న ఇంజను స్టార్టయినప్పుడే అసలు గుట్టు బయటపడుతుంది. లోపలి గరగరలైనా, టర్బోలోంచి ఆయిల్ కారి వచ్చే నీలిపొగైనా అప్పుడే తెలుస్తాయి. ముందే వేడి చేసి పెట్టారంటే ఏదో ఒకటి దాస్తున్నారేమోనని అనుమానించాలి. మీరు వెళ్లేటప్పుడు ‘స్టార్ట్ చేయొద్దు’ అని ఫోన్‌లోనే చెప్పండి.

తర్వాత నాయిన కూర్చుని క్లచ్ తొక్కాడు. ఒకసారి, రెండుసార్లు, ఆరుసార్లు. ఏడోసారి మొహం అటు తిప్పుకున్నాడు. “బండి మంచిగున్నదిరా. నీకు బాగుంటది” అన్నాడు. ‘నీకు’ అన్న ఆ ఒక్క మాట విన్నాక ఇక తేలు బొమ్మ వైపు చూడబుద్ధి కాలేదు.

బలెనో క్లచ్చు తేలికే. ఆయన మొహంలో బాధ కనపడలేదు. మోకాలు బాగున్నవాళ్లకి నేనిచ్చే సలహా అదే. లోపలి టర్బో ఇంజను ప్రత్యేకమైనదే అయినా, అద్దాలూ తలుపులూ బంపర్లూ లాంటి సామాను మామూలు బలెనోకి దొరికినట్టే దొరుకుతుంది. కాని ఐ.ఎస్. సదన్ నుంచి ఎల్.బి.నగర్ దాకా ఒక సాయంత్రం క్లచ్చు ఎన్నిసార్లు తొక్కాలో లెక్క పెట్టాను. నూట పదకొండు! ఆపరేషన్ అయిన మోకాలికి అది తేలికైన నూట పదకొండు అయితేనేం, బరువైనదైతేనేం!

ఇక పోలో. స్టీరింగు ముందు కూర్చుని కింద వెతుక్కున్నాడు నాయిన. “క్లచ్చు యాడున్నదిరా?” లేదన్నాను. “గేర్లు?” అదే వేసుకుంటుందన్నాను. “గట్లయితె నేనేం జెయ్యాలె? టికెట్లు కొట్టాల్నా?” అన్నాడు. డీలరు పకపకా నవ్వాడు.

అసలు తమాషా బండి కదిలాక జరిగింది. ఇరవై ఎనిమిదేళ్ల అలవాటు ఊరుకుంటుందా? సిగ్నల్ కనపడగానే ఎడమకాలు క్లచ్చు అనుకుని దబ్బున తొక్కింది. అక్కడున్నది వెడల్పాటి బ్రేకు పెడల్! ముగ్గురమూ ముందుకు తూలి, సీటుబెల్టుల దయవల్ల దక్కాం. ఆటోమేటిక్‌కి కొత్తగా మారే ప్రతి పాత డ్రైవరూ జాగ్రత్తపడాల్సిన చోటు ఇదే. ఎడమకాలు సీటు కిందికి వెనక్కి లాగి పెట్టుకోవాలి. నడిపేది ఒక్క కుడికాలే. నాయిన అలాగే చేశాడు. కర్మన్‌ఘాట్ హనుమంతుడి గుడి దాకా పోయి తిరిగొచ్చేసరికి ఆయన మీసం కింద చిన్న నవ్వు. నాలుగేళ్లుగా నేను చూడని నవ్వది.

అమ్మ మాత్రం వెనక సీట్లోంచి తీర్పు చెప్పింది. “మోకాళ్లు ముందు సీటుకు తాకుతున్నయి. ఒక మోకాలి కోసం కారు కొంటె రెండు మోకాళ్లు పాయె!” ఆమె అన్నదీ నిజమే, పోలోలో వెనక జాగా ఇరుకు. ఆనాటి నుంచి ఆమె ముందు సీటు మనిషి, నేను గానీ నాయిన గానీ వెనక.

రెండో పర్సు

“అంతేనా, కథ సుఖాంతమా?” అని లేవకండి. ఇంకో రీలుంది.

ఆ పోలోలో ఉన్నది రెండు పొడి క్లచ్చుల ఆటోమేటిక్. పెడల్ లేదు గానీ క్లచ్చు లోపల ఉంటుంది. మన కాలికి బదులు యంత్రమే తొక్కుతుంది. ఒక క్లచ్చు ఒక గేరుని పట్టుకుని ఉండగా రెండో క్లచ్చు తర్వాతి గేరుతో సిద్ధంగా ఉంటుంది. అందుకే గేరు మారడం కన్నురెప్ప పాటు. కానీ ‘పొడి’ అంటే వేడిని లాక్కుపోయే ఆయిల్ చుట్టూ లేదని అర్థం. ట్రాఫిక్‌లో అంగుళం అంగుళం పాకించామా, క్లచ్చు సగం పట్టి సగం జారుతూ వేడెక్కుతుంది. నేర్పు ఏమిటంటే, ముందు కారు జరిగిన ప్రతిసారీ మనం జరగకూడదు. బ్రేకు మీద పూర్తిగా ఆగి ఉండి, నాలుగైదు గజాల ఖాళీ వచ్చాక ఒక్కసారిగా కదలాలి. వెనకవాడు హారన్ కొడతాడా? కొట్టనివ్వండి, అతని క్లచ్చు వేరు! 2020లో వచ్చిన కొత్త జి.టి.లో ఇంజను ఒక లీటరుదైంది, గేరుబాక్సు కూడా ఆయిల్ మధ్యలో తిరిగే మామూలు ఆటోమేటిక్ అయింది. చేతిలో సొమ్ముంటే అదే తీసుకోండి. మా అయిదున్నరలో అది రాదు.

ఆ పొడి క్లచ్చుల పెట్టె మొరాయిస్తే ఖర్చు వేలల్లో ఆగకపోవచ్చు. అందుకని నేనూ నాయినా కూర్చుని ఒక లెక్క కట్టాం. అయిదున్నర ఉందని అయిదున్నర కారు చూడకూడదు. స్పోర్టీ కారు పాతదైతే ధర రెండు భాగాలు. ఒకటి అమ్మేవాడికిచ్చేది, రెండోది కారుకి మనం బాకీ ఉన్నది. మేము 4 లక్షల 35 వేలకు 2016 మోడల్ తీసుకున్నాం. 58 వేల కిలోమీటర్లు తిరిగింది, మొదటి నుంచీ సర్వీసు కాగితాలున్నాయి. ఆర్.సి. మార్పు, ఇన్సూరెన్సు, టైర్లు, బ్యాటరీ, ఆయిల్ కలిసి నలభై వేలు. మిగిలిన 75 వేలు నాయిన పేరుతో బ్యాంకులో ఉన్నాయి. దానికి మా ఇంట్లో పేరు ‘గేరుబాక్సు డబ్బు’. పండక్కి చీర కొందామన్నా దాన్ని ముట్టుకోవడానికి వీల్లేదు!

ఆ కాగితాల సంగతి కూడా రెండు మాటలు. దమ్మున్న కారుని మొదట కొన్నవాడూ దమ్ము కోసమే కొని ఉంటాడు, నెమ్మదిగా నడిపి ఉంటాడనుకోవద్దు. టైర్లు ఒక వైపే అరిగాయా చూడండి. ఇంజను కంప్యూటరు మార్చి బలం పెంచి, అమ్మే ముందు మళ్లీ యథాస్థానంలో పెట్టే చమత్కారులుంటారు. తెలిసిన మెకానిక్‌తో స్కానర్ పెట్టించండి. 2020 అక్టోబరు వరదల్లో మన సరూర్‌నగర్ చుట్టుపక్కల కాలనీల్లో కార్లు నీట మునిగాయి. సీటుబెల్టుని చివరిదాకా లాగి చూడండి, బురద మరక ఉంటే అక్కడే కనపడుతుంది. ఫారం 29, ఫారం 30 సంతకాలు, పాత లోను ఉంటే అది తీరినట్టు కాగితం, చలాన్ల బాకీ... ఇవన్నీ డబ్బు చేతులు మారక ముందే. పాత యజమానికి ఇన్సూరెన్సులో ఉన్న నో క్లెయిమ్ బోనస్ అతనితోనే పోతుంది, మనకి రాదు. ‘బోనస్ మీకే సార్’ అని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి.

అబార్త్ మీద మనసు పూర్తిగా చచ్చిందా అంటే... అబద్ధం ఎందుకు, చావలేదు. మొన్న దిల్‌సుఖ్‌నగర్‌లో సెకండ్ షో వదిలాక పార్కింగులో ఒక ఎర్రటి అబార్త్ గర్జిస్తూ కదిలితే, సినిమాలో హీరోయిన్‌ని చూసిన దానికన్నా ఎక్కువసేపు చూశాను. చూడ్డం వేరు, రోజూ కాపురం చేయడం వేరు కదా!

ఇప్పుడు మంగళవారం, శుక్రవారం కారు నాయినది. ఆ రెండు రోజులూ నేను ఎల్.బి.నగర్ దాకా ఆటోలో పోయి, అక్కణ్నుంచి ఉప్పల్ బస్సెక్కుతాను. మోకాలికి కట్టు కట్టించుకునే రోజుల్లో ఆస్పత్రికి ఆయనే నడుపుకుంటూ పోతాడు, పక్కన అమ్మ. ‘నాకొడుకు తీసుకపోతడు’ అని ఎవరికోసమూ ఎదురుచూడటం లేదు. పోయినవారం పెట్రోలు బిల్లు నా చేతిలో పెట్టి, “లీటరుకు పదకొండే ఇస్తున్నదిరా. నువ్వు ఊకె తొక్కుతున్నవ్” అన్నాడు. ఆ వారం అయిదు రోజులూ నడిపింది ఆయనే!

మిత్రులారా, మీరూ ఇలాంటి బేరంలో ఉంటే సినిమా చూసొచ్చిన రాత్రి మాత్రం అడ్వాన్సు ఇవ్వకండి. మర్నాడు సాయంత్రం ఆరింటికి, మీ ఇంట్లో ఆ కారు నడపబోయే రెండో మనిషిని వెంటబెట్టుకుని, మీరు రోజూ పోయే రోడ్డు మీదే నడిపి చూడండి. బేరం ఆ తర్వాత.